మహావిస్ఫోటం నాటి గురుత్వ తరంగాలు ఇంకా మనల్ని దాటిపోలేదా?

ప్రశ్న

నాలుగు రోజులుగా ఒక సందేహం నన్ను వదలడం లేదు. విశ్వానికి దాదాపు 3,80,000 ఏళ్లు వచ్చేవరకు కాంతికి దారి లేదని చదివాను. ఎలక్ట్రాన్లు విడిగా తిరుగుతుండటంతో కాంతి ఎటు కదిలినా వాటికి తగిలి చెదిరిపోయేదట. కాబట్టి ఎంత గొప్ప టెలిస్కోపు పెట్టినా అంతకు ముందటి కాలం కనపడదు. ఇంతవరకు అర్థమైంది. గురుత్వ తరంగాలతో, అంటే స్థలమే సాగుతూ కుంచించుకుంటూ కదిలే అలలతో మాత్రం ఆ తెర వెనక్కి చూడవచ్చని అంటున్నారు. ఇక్కడే ఆగిపోయాను. చెరువులో రాయి వేస్తే అల ఒడ్డుకు చేరి అణగిపోతుంది. 1380 కోట్ల ఏళ్ల కిందట పుట్టిన అల మనల్ని ఎప్పుడో దాటి వెళ్లిపోయి ఉండాలి కదా? ఇంకా వినడానికి ఏం మిగిలింది? 2015లో అమెరికాలోని లైగో పరికరాలు పట్టుకున్నవి ఈ తరంగాలేనా?

మొదటి సమాధానం

రెండో ప్రశ్నకు చెబుతాను. కాదండీ. 2015 సెప్టెంబరు 14న లైగోకు చిక్కింది రెండు కృష్ణబిలాలు కలిసిపోయినప్పుడు పుట్టిన తరంగం. వాటిలో ఒకటి సూర్యుడికి సుమారు 36 రెట్లు, రెండోది 29 రెట్లు బరువైనది. అది జరిగి దాదాపు 130 కోట్ల ఏళ్లయింది. విశ్వం వయసు ముందు అది నిన్నమొన్నటి సంగతే.

రెండో సమాధానం

నేను కొన్నేళ్లు పల్సార్ల (గిరగిరా తిరుగుతూ క్రమం తప్పక రేడియో స్పందనలు పంపే నక్షత్ర అవశేషాల) సమయాల లెక్కల మీద పనిచేశాను. ఈ విషయం అంటే నాకు ప్రాణం, కాస్త పొడవైతే మన్నించండి.

మీ చెరువునే తీసుకుందాం, రాయిని మాత్రం పక్కన పెట్టండి. చెరువు మీద అంతటా ఒకే క్షణాన చినుకులు పడి, వెంటనే వాన ఆగిపోయిందనుకోండి. మీరు నడి చెరువులో నిలబడి ఉన్నారు. ముందు మీ కాళ్ల దగ్గర పడిన చినుకుల అలలు తగులుతాయి, తర్వాత పది అడుగుల అవతలివి, ఆ తర్వాత వంద అడుగుల అవతలివి. వాన వెలిసి చాలాసేపయినా అలలు వస్తూనే ఉంటాయి. మహావిస్ఫోటం ఒక చోట జరగలేదు, అంతటా జరిగింది. మన చుట్టుపక్కల పుట్టిన తరంగాలు మీరన్నట్టే ఎప్పుడో వెళ్లిపోయాయి. ఈ రోజు మనల్ని తాకేవి ఇన్నాళ్లూ దారిలో ఉన్నవి. రేపు ఇంకాస్త దూరంలో బయలుదేరినవి వస్తాయి.

ఇక తెర సంగతి. గురుత్వ తరంగానికి పదార్థం దాదాపు అడ్డే కాదు. లైగో పట్టిన తరంగం భూమి గుండా దూసుకుపోయింది, మనకెవరికీ చీమ కుట్టినట్టయినా లేదు. నాలుగు కిలోమీటర్ల పరికరం పొడవులో వచ్చిన మార్పు ప్రోటాన్ వెడల్పులో దాదాపు వెయ్యో వంతే. ఏ గుణం వల్ల ఈ తరంగం ఆదికాలం నుంచి చెక్కుచెదరకుండా రాగలదో, ఆ గుణం వల్లే మన చేతికి చిక్కదు.

నన్ను ఈ రంగంలోకి లాగింది మాత్రం ఇంకో సంగతి. తరంగం పొడవును బట్టి అది పుట్టిన వేళను అంచనా వేయవచ్చు. మొదట ఒకటిగా ఉన్న విద్యుదయస్కాంత బలం, బలహీన కేంద్రక బలం (కొన్ని రకాల రేడియోధార్మికతకు కారణమయ్యేది) వేరుపడిన సమయాన్నే చూడండి. సెకనును లక్ష కోట్ల ముక్కలు చేస్తే, మహావిస్ఫోటం తర్వాత గడిచినవి పదో ఇరవయ్యో ముక్కలు. అంతసేపట్లో కాంతి వెళ్లగలిగేది కొన్ని మిల్లీమీటర్లే, చిటికెన వేలి గోరంత కూడా ఉండదు. అప్పుడు పుట్టే తరంగం పొడవు అంతకు మించదు. తర్వాత విశ్వం సుమారు వెయ్యి లక్షల కోట్ల రెట్లు సాగింది, తరంగమూ దానితో పాటే సాగింది. ఆ మిల్లీమీటర్లు, వాటిలోని వంతులు ఇప్పుడు కోట్ల కిలోమీటర్లు. అంత పొడవైన అలను నేల మీది లైగో వినలేదు. అందుకే ఐరోపా అంతరిక్ష సంస్థ లీసా అనే పరికరాన్ని అంతరిక్షం కోసం కడుతోంది. 25 లక్షల కిలోమీటర్ల ఎడంతో మూడు నౌకలు సూర్యుడి చుట్టూ తిరుగుతాయి. ప్రయోగం 2035 ప్రాంతంలో.

ఇంకో మాట. హిగ్స్ కణం (మిగతా కణాలకు బరువునిచ్చే క్షేత్రానికి చెందిన కణం) బరువు తెలిశాక, మనకు తెలిసిన సిద్ధాంతం ప్రకారం ఆ రెండు బలాలు వేరుపడిన మార్పు నెమ్మదిగా, చడీచప్పుడు లేకుండా జరిగిపోయిందని లెక్క తేలింది. నీరు మరిగినట్టు బుడగలు లేచి ఢీకొంటేనే తరంగాలు పుడతాయి. కాబట్టి లీసాకు ఆ కాలం నుంచి చప్పుడు వినిపిస్తే, మనకు తెలియని కణాలో బలాలో ఉన్నట్టే.

ప్రశ్న అడిగినవారు

చినుకుల పోలికతో ముడి విడిపోయింది, చాలా కృతజ్ఞతలు. కానీ 2014లో ఆదికాలపు తరంగాల జాడ దొరికిందని వార్తల్లో చదివిన గుర్తు. అదేమైంది?

రెండో సమాధానం ఇచ్చినవారు

బైసెప్2 సంగతి. దక్షిణ ధ్రువం దగ్గరి ఆ టెలిస్కోపు నేపథ్య వికిరణపు (ఆ తెర తొలగినప్పుడు బయలుదేరిన కాంతి) ధ్రువణంలో, అంటే ఆ కాంతి కంపించే దిశల్లో, సుడి తిరిగినట్టుండే నమూనాను చూసింది. విశ్వం రెప్పపాటు కన్నా ఎంతో తక్కువ సమయంలో విపరీతంగా ఉబ్బిందంటారు కదా, అప్పటి తరంగాలు వేసే ముద్ర అలాగే ఉంటుంది. ఆ ఏడాది మార్చి 17న ప్రకటన వింటూ నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఆ సుడుల పటాన్ని కాగితం మీద అచ్చు తీసి బల్ల ముందు అంటించుకున్నాను. ఏడాది తిరగకముందే ప్లాంక్ ఉపగ్రహపు కొలతలతో కలిపి చూస్తే, ఆ సంకేతానికి మన పాలపుంతలోని ధూళి చాలని తేలింది. ధూళి రేణువులు అయస్కాంత క్షేత్రానికి లోబడి ఒక వరుసలో నిలుస్తాయి, వాటి నుంచి వచ్చే వెలుగుకూ ధ్రువణం ఉంటుంది. బైసెప్2 ఒకే పౌనఃపున్యంలో చూడటంతో రెండింటినీ విడదీయలేకపోయింది. వెతుకులాట ఆగలేదు. అదే బృందం 2021లో, ఆ తరంగాలు ఉన్నా ఫలానా మోతాదుకు మించి ఉండవని ఇంకా గట్టి హద్దు గీసింది. ఆ పటాన్ని నేను ఇప్పటికీ తీయలేదు.

మూడో సమాధానం

2023 జూన్‌లో పల్సార్ల ద్వారా విన్నామన్న గురుత్వ తరంగాల హోరు మాటేమిటి? అది ఆదికాలానిది కావచ్చు కదా?

రెండో సమాధానం ఇచ్చినవారు

కావచ్చు, కానీ నా మొగ్గు కృష్ణబిలాల వైపే. సెకనుకు వందల సార్లు తిరిగే పల్సార్లను గడియారాలుగా వాడి, వాటి స్పందనలు ఏ క్షణాన చేరాయో ఏళ్ల తరబడి రాసుకుంటాం. గురుత్వ తరంగం వచ్చిందంటే అవి కొన్ని ముందుగా, కొన్ని ఆలస్యంగా చేరతాయి. తేడా సెకనులో కోటి వంతుల లెక్క. ఒకసారి నా గ్రాఫులో ఏళ్ల పొడవైన అందమైన అల కనిపించింది. రాత్రంతా నిద్ర పట్టలేదు. వారం తర్వాత తేలింది, గురుగ్రహం కక్ష్యను ఇంకో పట్టిక నుంచి తీసుకుంటే ఆ అల చాలావరకు చదునైపోతోందని. స్పందనలు చేరే క్షణాలను మనం సౌరకుటుంబపు గరిమకేంద్రం (మొత్తం బరువుకు మధ్య బిందువు) దగ్గరికి లెక్కగడతాం, గురుగ్రహం లాగుడుకు అది కదులుతుంటుంది. అది ఎక్కడుందో కొన్ని వందల మీటర్లు తప్పినా మన లెక్క తప్పుతుంది.

అందుకే ఒక్క పల్సార్‌ను నమ్మం. రెండేసి పల్సార్ల మధ్య కోణాన్ని బట్టి వాటి తేడాలు ఎలా పొంతన కుదరాలో 1983లో హెలింగ్స్, డౌన్స్ లెక్క కట్టారు. దగ్గర దగ్గరగా ఉన్నవి ఒకేలా ఊగాలి, 80, 90 డిగ్రీల ఎడంలో ఉన్నవి ఎదురుగా ఊగాలి. నానోగ్రావ్ బృందం 67 పల్సార్లతో 15 ఏళ్ల కొలతల్లో ఆ వంపునే చూసింది. ఆ హోరు భారీ కృష్ణబిలాల జంటలదైతే అది ఆకాశమంతటా ఒకే తీరుగా ఉండకూడదు, దగ్గరి జంటలున్న దిక్కున కాస్త గట్టిగా వినిపించాలి. ఆదికాలానిదైతే దాదాపు అన్ని దిక్కులా సమానం. ఇప్పుడు వెతుకుతున్నది ఆ తేడా కోసమే. ఒక్కో అల దాటడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి కొలతలు ఇంకా చాలా కాలం సాగాలి.