బెంజోకెయిన్ రియాక్షన్ టీఎల్‌సీ: స్పాట్ రావట్లేదు, గీతలా సాగుతోంది

ఫైనలియర్_ఆర్గానిక్:
అందరికీ నమస్కారం. ప్రాక్టికల్స్‌లో పారా అమైనో బెంజోయిక్ ఆసిడ్ (మా స్టార్టింగ్ మెటీరియల్) నుంచి బెంజోకెయిన్ అనే మత్తుమందు చేస్తున్నాం, ఇథనాల్‌లో గాఢ సల్ఫ్యూరిక్ ఆసిడ్ వేసి రిఫ్లక్స్ (ఆవిరిని చల్లార్చి మళ్లీ ఫ్లాస్కులోకే దింపుతూ మరిగించడం). ఎంతవరకు అయిందో టీఎల్‌సీతో (సిలికా పూసిన ప్లేట్ మీద సాల్వెంట్ పైకి పాకుతూ పదార్థాలను విడదీసే పరీక్ష) చూద్దామని ఫ్లాస్కులోంచి నేరుగా క్యాపిలరీతో (సన్నని గాజు గొట్టం) తీసి ప్లేట్ మీద పెడితే బేస్‌లైన్ నుంచి పైదాకా ఒకటే గీత. ఉత్త స్టార్టింగ్ మెటీరియల్ పెట్టినా తోక లాక్కుంటూనే పోతోంది. హెక్సేన్, ఇథైల్ అసిటేట్ సగం సగం వాడుతున్నాను, ప్లేట్ అల్యూమినియం షీట్ సిలికా, ఎఫ్254 (254 నానోమీటర్ల యూవీ కింద పచ్చగా వెలిగే రకం). మా బ్యాచ్‌లో అందరూ సాల్వెంట్ మార్చు అంటారు గానీ దేనికి మార్చాలో ఒక్కరూ చెప్పరు. టెన్షన్‌గా ఉంది, వచ్చే వారం రికార్డ్ సబ్మిషన్.

జీడిమెట్ల_ల్యాబ్:
సాల్వెంట్ జోలికి ఇప్పుడే పోకు తమ్ముడూ. ఫ్లాస్కులో ఉన్నది ఉన్నట్టు పెడితే మెటీరియల్ ఎక్కువైపోతుంది, సిలికా మోయలేదు, అందుకే సాగుతుంది. ఒక చుక్క తీసి ఒక ఎంఎల్ ఇథైల్ అసిటేట్‌లో కలుపు. మెల్టింగ్ పాయింట్ క్యాపిలరీని స్పిరిట్ ల్యాంప్ మీద వేడి చేసి సన్నగా లాగు, దాని కొసతో అలా తాకించి తీసెయ్, నొక్కితే సిలికాకి గుంట పడి స్పాట్ ఆకారమే చెడిపోతుంది. మచ్చ 1-2 మిల్లీమీటర్లు దాటకూడదు. రన్ చేసేముందే ఒకసారి 254 యూవీలో పెట్టి చూడు, పచ్చటి వెలుగులో చిన్న నల్ల చుక్క కనిపిస్తే చాలు, సరిపోలేదనిపిస్తే ఆరనిచ్చి అదే చోట ఇంకోసారి తాకించు.

ఇథనాల్‌తో నేరుగా పెడితే ఇంకో తంటా ఉంది. అది పోలార్, త్వరగా ఆరదు, పెట్టిన చోటే రింగులా పరుచుకుంటుంది. బేస్‌లైన్ అడుగు నుంచి ఒక సెంటీమీటరు పైన, పెన్సిల్‌తోనే గియ్యి (పెన్నుతో గీస్తే ఇంకు కూడా రన్ అవుతుంది, దాన్నే ప్రొడక్ట్ అనుకుని సంబరపడేవాళ్లు ఉన్నారు). సాల్వెంట్ అర సెంటీమీటరుకి మించొద్దు. ఛాంబర్‌లో గోడకి ఫిల్టర్ పేపర్ ఆనించి, మూత పెట్టి, కాసేపు ఆగి ప్లేట్ దించు. పక్కన మూడు లేన్లు: స్టార్టింగ్, కో-స్పాట్ (ఒకే చోట స్టార్టింగ్, రియాక్షన్ రెండూ), రియాక్షన్. అంచుకి మరీ దగ్గరగా పెట్టకు, షీట్ కత్తిరించినచోట సిలికా పెచ్చులూడి సాల్వెంట్ ఫ్రంట్ (పైకి పాకే సాల్వెంట్ అంచు) వంకరగా ఎక్కుతుంది.

ఇక అసలు సంగతి, ఫ్లాస్కులో సల్ఫ్యూరిక్ ఆసిడ్ ఉంది కదా, అమీన్ (అణువులోని NH2 భాగం) అంతా సాల్ట్ రూపంలో ఉంటుంది, అది పైకి కదలదు. రెండు మూడు చుక్కలు చిన్న వయల్‌లోకి తీసి, బైకార్బనేట్ ద్రావణం, కాస్త ఇథైల్ అసిటేట్ వేసి ఊపి, పై లేయర్ నుంచి స్పాట్ పెట్టు. బుసబుస పొంగుతుంది, మూత గట్టిగా బిగించకు.

పరవాడ_ప్రాసెస్:
పైన చెప్పినదంతా బాగుంది గానీ బైకార్బనేట్ దగ్గర జాగ్రత్త. ఈ రియాక్షన్‌లో స్టార్టింగ్ మెటీరియల్ కూడా ఆసిడే. బైకార్బనేట్ ఎక్కువ పోస్తే అది సోడియం సాల్ట్ అయి కింద నీళ్లలోకి దిగిపోతుంది, పై లేయర్‌లో బెంజోకెయిన్ ఒక్కటే మిగులుతుంది. అప్పుడు ప్లేట్ మీద స్టార్టింగ్ స్పాట్ ఉండదు, రియాక్షన్ అయిపోయిందనుకుని ఆపేస్తారు, తీరా చూస్తే సగం ఆసిడ్ మిగిలే ఉంటుంది. వైవాలో దీని మీదే ప్రశ్న పడొచ్చు. బైకార్బనేట్‌ని చుక్క చుక్కగా వేస్తూ పీహెచ్ పేపర్‌తో 4 దగ్గర ఆపండి. అక్కడ బెంజోకెయిన్ ఎలాగూ పైకి వస్తుంది, మిగిలిన ఆసిడ్ కూడా ఇథైల్ అసిటేట్‌లోకి వస్తుంది.

ఫైనలియర్_ఆర్గానిక్:
థ్యాంక్స్ అన్నా, థ్యాంక్స్ అండీ. ఒక డౌటు, అమీన్ ఉంటే తోక రాకుండా సాల్వెంట్‌లో ట్రైఇథైలమీన్ కలపాలని సీనియర్ చెప్పాడు. ఇక్కడ ఆసిడ్ కూడా ఉంది, మరి ఏది కలపాలి, ట్రైఇథైలమీనా, ఎసిటిక్ ఆసిడా? రెండూ కలిపితే?

పరవాడ_ప్రాసెస్:
రెండూ కలిపితే అవి ఒకదాన్నొకటి న్యూట్రలైజ్ చేసుకుంటాయి, మీకు మిగిలేదేమీ లేదు. ట్రైఇథైలమీన్ అవసరం పడేది బలమైన బేస్‌లకి, అంటే ఆలిఫాటిక్ అమీన్‌లకి. మీది బెంజీన్ రింగుకి అంటుకున్న అమీన్, పైగా పారాలో కార్బొనిల్ ఉంది, బేసిసిటీ చాలా తక్కువ. ఇక్కడ తోక వచ్చేది కార్బాక్సిలిక్ ఆసిడ్ వల్ల. సాల్వెంట్‌లో ఒక శాతం ఎసిటిక్ ఆసిడ్ కలపండి, స్పాట్ గుండ్రంగా వస్తుంది. ఇవన్నీ సరిచేశాక కూడా ప్రొడక్ట్ మరీ పైకి పోతుంటే అప్పుడు హెక్సేన్ పెంచండి, ఆర్‌ఎఫ్ (సాల్వెంట్ ఎక్కిన దూరంలో స్పాట్ ఎక్కిన వంతు) 0.3 అటూఇటూగా వస్తే పోల్చడం తేలిక.

జీడిమెట్ల_ల్యాబ్:
పీహెచ్ మాట కరెక్ట్ అండీ, నేను చెప్పినట్టు చేస్తే ఇక్కడ పప్పులో కాలేసినట్టే. తమ్ముడూ, ఇంకోటి, స్టార్టింగ్ స్పాట్ పూర్తిగా మాయం కావాలని రాత్రంతా రిఫ్లక్స్ పెట్టి కూర్చోకు. ఇది ఈక్విలిబ్రియం రియాక్షన్, ఇథనాల్ ఎంత ఎక్కువ పోసినా కాస్త ఆసిడ్ మిగలొచ్చు. గంట తేడాతో రెండు ప్లేట్లు తియ్యి, రెండిట్లో స్టార్టింగ్ స్పాట్ ఒకేలా ఉంటే ఆపేసి వర్కప్‌కి (ప్రొడక్ట్‌ని వేరుచేసి శుభ్రం చేసే దశ) వెళ్లిపో, అప్పుడు బైకార్బనేట్ నిక్షేపంగా పొయ్యొచ్చు, మిగిలిన ఆసిడ్‌ని అదే తీసేస్తుంది.