పేజ్‌మేకర్ ‘అను’ ఫైళ్లు: ఈపబ్ చేయాలా, పీడీఎఫ్ చాలా?

పాఠకమిత్ర
డీటీపీ (కంప్యూటర్లో పేజీలు కూర్చే పద్ధతి) రోజుల్లో వచ్చిన తెలుగు పుస్తకాలు చాలావరకు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కూర్చినవే. పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ దాచిన ఆ పీఎండీ ఫైళ్లను ఇప్పుడు ఆన్‌లైన్లో చదివించాలంటే ఏది దారి? 240 పేజీల డెమీ సైజు పుస్తకం అనుకోండి. మధ్యమధ్య పద్యాలు, పేజీ అడుగున అధోజ్ఞాపికలు, అక్కడక్కడ ఇంగ్లిషు మాటలు. పీడీఎఫ్ పెట్టేస్తే సరిపోతుందా, యూనికోడ్‌లోకి (ఏ పరికరమైనా తెలుగుగా గుర్తించే సంకేతాల్లోకి) మార్చి ఈపబ్ (తెర సైజును బట్టి పంక్తులు సర్దుకునే ఈ-పుస్తకం) చేయాలా?

గ్యాలీప్రూఫు
పీడీఎఫే. ఫాంటు లోపలే ఉంటుంది, పద్యపాదం విరగదు, పేజీ సంఖ్య అచ్చుప్రతితో కలుస్తుంది. ‘57వ పేజీలో చూడండి’ అని ఎవరైనా ఉటంకిస్తే దొరుకుతుంది. ఒక పూట పని. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్‌లో వేశారంటే అచ్చులో లేని తప్పుల్ని కొత్తగా పుట్టించినట్టే.

పొల్లుగుర్తు
గ్యాలీప్రూఫు గారూ, చదివేది ఎక్కడో కూడా చూడాలి కదా. డెమీ పేజీ వెడల్పు ఐదున్నర అంగుళాలు, ఫోన్ తెర అందులో సగం. 13 పాయింట్ల అక్షరం ఆరున్నరకు దిగుతుంది. వత్తులు చీమల బారే.

ఇంకోటి, ఆ పీడీఎఫ్‌లో ఉన్నది తెలుగు కాదు. అను ఫాంటు ఇంగ్లిషు, యూరప్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు అతికించిన బొమ్మల పెట్టె. కాపీ చేసి అతికిస్తే యాక్సెంటు గుర్తుల గందరగోళం వస్తుంది. వెతికితే దొరకదు, చూపులేనివారి స్క్రీన్ రీడర్ చదవదు.

అడ్డదారి
అను ఫాంటునే ఈపబ్‌లో పొదిగేస్తే (ఎంబెడ్ చేసేస్తే)? పంక్తులు తెరకు తగ్గట్టు సర్దుకుంటాయి (రీఫ్లో), మార్పిడి తప్పులూ ఉండవు.

పొల్లుగుర్తు
పాఠకుడు సెట్టింగ్స్‌లో ఫాంటు మార్చిన క్షణం పుస్తకం మొత్తం చెత్త అవుతుంది. వెతుకులాట పని చేయదు. ఫాంటు లైసెన్సు సంగతి సరేసరి.

మార్పిడి తప్పులకు భయపడేవాళ్లు అవి ఎక్కడ పుడతాయో చూడాలి. ‘స్త్రీ’ తీసుకోండి. డీటీపీలో కంటికి కనబడే వరుసలో పడుతుంది: ముందు ‘సీ’, తర్వాత త వత్తు, ఆపైన ర వత్తు. యూనికోడ్‌లో ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, చివర ఈ గుణింతం. గుణింతాన్ని చివరికి జరపని కన్వర్టర్ ‘సీ్త్ర’ అని ఇస్తుంది. ‘డిగ్రీ’ అయితే ‘డిగీ్ర’, ‘పార్టీ’ అయితే ‘పారీ్ట’. వార్తల సైట్లలో చూసే ఉంటారు. సరైన తెలుగులో గుణింతపు గుర్తు వెంటనే పొల్లు రాదు కాబట్టి రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లతో (నమూనా ఇచ్చి వెతికే పద్ధతి) [ా-ౌ]్ అని వెతికితే ఈ జాతి తప్పులన్నీ ఒక్కసారే బయటపడతాయి.

పొల్లు సంగతి వేరు. ‘రాజ్‌కుమార్’లో ఆపరేటర్ పొల్లు కొట్టి ఆపేశాడు. కన్వర్టర్ ఆ పొల్లు పక్కన జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలవకుండా ఆపే కనబడని గుర్తు) పెట్టకపోతే ‘రాజ్కుమార్’ అవుతుంది. పొల్లు తర్వాత హల్లు వచ్చే చోటే పెట్టాలి. మాట చివర కూడా పెట్టేస్తే, ఆ మాటను పక్క మాటతో కలిపి వెతికినప్పుడు దొరక్కపోవచ్చు.

గ్యాలీప్రూఫు
‘మ’ గురించి చెప్పలేదేం? దాన్ని ‘వ’ ఆకారానికి కొమ్ములాంటి తోక తగిలించి కూర్చిన ఫాంట్లలో ‘మంచి’ కాస్తా ‘వుంచి’ అవుతుంది. ‘పది మంది’ ‘పది వుంది’ అవుతుంది. ‘వుంది’ తప్పు కాదు, అలా రాసేవాళ్లు బోలెడుమంది. ఏ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ పట్టుకుంటుంది?

పొల్లుగుర్తు
అది ఒప్పుకుంటాను, గుడ్డిగా మార్చలేం. ప్రతి ‘మ’కూ ‘వు’ వచ్చిందంటే పట్టికలో (ఏ ముక్క ఏ అక్షరమో కన్వర్టర్‌కు చెప్పే జాబితాలో) లోపం. అను 6కీ 7కీ పట్టిక ఒకటే అనుకోకుండా, ముందు ఒక్క పేజీ మార్చి అచ్చుతో పోల్చుకోవాలి. ఒకట్రెండు చోట్లే వస్తే కంటితో దిద్దాల్సిందే.

అసలు సగం నష్టం కన్వర్టర్ దాకా వెళ్లకముందే జరుగుతుంది. పీఎండీ ఫైలు అడోబీవారి పేజీ కూర్పు సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో సీఎస్6 వరకే తెరుచుకుంటుంది, తర్వాతి సీసీ వెర్షన్లు తెరవవు. తెరిచాక వెతుకు-మార్చులో ఫాంటు ఆధారంగా ఇంగ్లిషు మాటల్ని పట్టుకుని, రెండు పక్కలా అను పట్టికలో లేని గుర్తు పెట్టాలి. కన్వర్టర్ స్క్రిప్టు ఆ గుర్తుల మధ్యది ముట్టుకోకూడదు. ఈ పని చేయకుండా సాదా టెక్స్ట్ తీస్తే ఏది ఇంగ్లిషో ఏది అనునో ఆనవాలు మిగలదు. ‘టైమ్స్’ లాంటి ఇంగ్లిషు ఫాంటులో ఉన్న మాటలు కూడా తెలుగు ముక్కలైపోతాయి.

పద్యాలకు విడిగా పేరాగ్రాఫ్ స్టైల్ పెట్టాకే, వచనంలో పంక్తి చివర చేత్తో కొట్టిన హైఫన్లు, షిఫ్ట్ ఎంటర్లు తీసేయాలి. వరుస తిరగబడితే పద్యపాదాలన్నీ వచనమైపోతాయి. అధోజ్ఞాపికలు చాలా ఫైళ్లలో ప్రధాన పాఠంతో లింకు లేని విడి పెట్టెలు, కాబట్టి వాటిని విడిగా ఏరుకోవాలి. మధ్యలో వర్డ్ వద్దు. అక్కడ దిద్దేటప్పుడు ఆటోకరెక్ట్ నిటారు కోట్‌ను వంకర కోట్ చేసే ప్రమాదం ఉంది. ఫాంటు పట్టికలో ఆ రెండూ వేర్వేరు స్థానాలు, అక్షరం ముక్క మారిపోతుంది.

బటర్‌పేపర్
మీరిద్దరూ ఫైలే పుస్తకం అనుకుంటున్నారు. అచ్చు ప్లేటు కోసం బటర్ పేపర్ మీద ట్రేసింగ్ తీశాక దొరికిన ఆఖరి తప్పుల్ని, ఆ పంక్తి వరకు వేరే ప్రింటు తీసి కత్తిరించి అతికించేవారు. ఆ దిద్దుబాటు ఫైల్లోకి వెళ్లిందో లేదో గ్యారంటీ లేదు. ప్రమాణం అచ్చుప్రతే. దాన్ని 300 డీపీఐలో స్కాన్ చేసి గూగుల్ డ్రైవ్‌లోనో టెసరాక్ట్‌లోనో ఓసీఆర్ (బొమ్మలోంచి అక్షరాల్ని గుర్తించడం) చేయడం మేలు. ఫాంటు పట్టిక గొడవే ఉండదు.

పొల్లుగుర్తు
ఓసీఆర్ తప్పుకు క్రమం ఉండదండీ. ఒక పేజీలో ‘ద’ను ‘ధ’ అంటుంది, పక్క పేజీలో సరిగ్గా చదువుతుంది. అక్షరం పక్కన ఉండే సున్న ‘ం’ బదులు తెలుగు అంకె సున్నా ‘౦’ పెట్టిందంటే చూపుకి తేడా తెలియదు, వెతికితే మాట దొరకదు. కన్వర్టర్ తప్పు చేస్తే చాలావరకు ఒకే తీరులో చేస్తుంది, ఒక్క దెబ్బతో దిద్దవచ్చు.

అయినా మీ అభ్యంతరం సబబే. అందుకని మార్పిడి, ఓసీఆర్ రెండూ చేసి, రెండు పాఠాల్నీ తేడాలు చూపే డిఫ్ సాధనంలో పక్కపక్కన పెట్టాలి. రెండింటికీ ఒకే చోట ఒకే తప్పు రావడం అరుదు. తేడా వచ్చిన మాట దగ్గర అచ్చు చూస్తే చాలు. అతికించిన దిద్దుబాట్లు కూడా అక్కడే దొరుకుతాయి.

బటర్‌పేపర్
అలా అయితే ఒప్పుకుంటాను, తేడా వచ్చిన చోట అచ్చుదే చివరి మాట అనే షరతుతో. అచ్చుతప్పు అనిపించినా మౌనంగా దిద్దకూడదు.

గ్యాలీప్రూఫు
సరే. సీస పద్యం ఫోన్లో ఎలా నిలుస్తుంది? పాదం ఎక్కడ తెగిందో పాఠకుడికి తెలియకపోతే అది పద్యమే కాదు.

పొల్లుగుర్తు
ప్రతి పాదాన్నీ విడి బ్లాక్ చేసి, ఈపబ్ రూపం నిర్ణయించే సీఎస్ఎస్‌లో ఎడమ ప్యాడింగ్ 2 ఎమ్ (ఒక ఎమ్ అంటే ఫాంటు సైజంత), టెక్స్ట్ ఇండెంట్ మైనస్ 2 ఎమ్ ఇవ్వండి. పాదం మొదలు అంచున ఉంటుంది, మిగిలింది లోపలికి జరిగి కిందికి వస్తుంది.

లైన్ హైట్ (పంక్తి ఎత్తు) 1.7 దగ్గర, యూనిట్ లేకుండా. తగ్గిస్తే జంట వత్తులు కింది పంక్తిలో గుచ్చుకుంటాయి. వచనానికి ఎడమ అమరికే మేలు. తెలుగు మాటలు పొడవు, హైఫనేషన్ లేకుండా రెండంచులూ సమం చేస్తే (జస్టిఫై) ఫోన్లో పంక్తి మధ్య ఖాళీల కాలువలు పారతాయి. లెటర్ స్పేసింగ్ ముట్టుకోవద్దు.

ఫాంటుకి మండలి, రామభద్ర లాంటివి స్వేచ్ఛా లైసెన్సువే, మండలి వచనానికి బాగుంటుంది. ఫైలు సైజు తగ్గిద్దామని ఫాంటులో వాడని అక్షరాల్ని కత్తిరిస్తే మాత్రం జాగ్రత్త. వత్తు ఆకారాలకు విడి యూనికోడ్ సంఖ్య ఉండదు, సంఖ్యల జాబితా ఒక్కటే చూసి కోసే సాధనం వాటిని ఊడబీకుతుంది.

పేజీ సంఖ్యలు పోతాయని కదా మీ మొదటి మాట. ఈపబ్ 3లో అచ్చు పేజీల జాబితా పెట్టే వీలుంది. కాకపోతే ఇన్‌డిజైన్ నుంచి టెక్స్ట్ ఎక్స్‌పోర్ట్ చేశాక పేజీ హద్దు జాడ ఉండదు. ఇన్‌డిజైన్‌లో ఉండగానే ప్రతి పేజీ మొదట్లో ఇంగ్లిషు ఫాంటులో సంఖ్య గుర్తు పెట్టాలి. పేజీ మొదటి మాట రెండు పేజీలకూ చీలి ఉంటే గుర్తు ఆ మాట ముందు వేయండి, మధ్యలో కాదు.

గ్యాలీప్రూఫు
పేజీ సంఖ్యలు నిలిస్తే నా అభ్యంతరం సగం పోయినట్టే. 240 గుర్తులు, ఓసీఆర్, డిఫ్, ఆపైన ప్రూఫు. ఒక పూటలో అయ్యే పీడీఎఫ్ ఎక్కడ, ఇది ఎక్కడ! ఆ కూలి ఎవరిస్తారో పాఠకమిత్ర గారు చెప్పాలి.