అప్‌డేట్: ఎక్స్‌టీ క్లోన్ మళ్లీ ఆన్ అయింది!

స్విచ్ వేయగానే ఫ్యాన్ ఒక్కసారి కదిలి ఆగిపోతోందని అడిగాను కదా, ఆ పాత ఎక్స్‌టీ క్లోన్ (ఐబీఎం పీసీ ఎక్స్‌టీకి నకలుగా చేసిన పాతకాలపు కంప్యూటర్) గురించే. ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటు ఇచ్చే పవర్ సప్లై) బాగానే ఉంది. మదర్‌బోర్డుకు వెళ్లే పీ8, పీ9 కనెక్టర్లు పీకేసి, లోడ్ కోసం పాత హార్డ్ డిస్క్ ఒక్కటే తగిలిస్తే 5, 12 వోల్టులు సరిగ్గా వచ్చాయి. (లోడ్ లేకపోతే ఆ కాలపు ఎస్‌ఎంపీఎస్‌లు చాలావరకు స్టార్టే కావు.) బోర్డు మీద 12 వోల్టుల లైనుకీ గ్రౌండుకీ మధ్య మల్టీమీటర్ పెడితే దాదాపు సున్నా ఓమ్‌లు, అంటే షార్ట్! కార్డులన్నీ తీసినా అంతే. స్లాట్ల పక్కనున్న టాంటలమ్ కెపాసిటర్ షార్టయింది. దాని కాలు ఒకటి విప్పగానే షార్ట్ పోయింది. 16 వోల్టులదాని బదులు 25 వోల్టులది వేశాను. ప్లస్, మైనస్ మాత్రం రెండుసార్లు చూసుకోండి, టాంటలమ్ తిరగేసి పెడితే పేలుతుంది. ఇప్పుడు ఆన్ చేయగానే మెమరీ 640 కే (కిలోబైట్లు) వరకు లెక్కపెడుతోంది. ఎస్‌ఎంపీఎస్ మార్చే ముందు బోర్డు చూడమన్నవాళ్లకి చాలా చాలా థాంక్స్.