మూడో స్పార్క్ ప్లగ్గు పట్టేసింది, పొద్దుటి నుంచి కుస్తీ పడుతున్నా

కళింగపట్నం వాసి:
అందరికీ నమస్కారం. ప్లగ్గులు మారుద్దామని తొమ్మిదింటికి కూర్చున్నాను, ఇప్పుడు మూడు దాటింది. రెండు చక్కగా వచ్చేశాయి. మూడోది సగం చుట్టు తిరిగి ఆగిపోయింది. పానాకి పైపు తగిలించి లాగినా కదలడం లేదు. అరచేతులు బొబ్బలెక్కాయి. డబ్ల్యూడీ-40 స్ప్రే కూడా కొట్టాను. గురువారం అమ్మని కంటి పరీక్షకి శ్రీకాకుళం తీసుకెళ్లాలి, చాలా టెన్షన్‌గా ఉంది. దారేదైనా ఉంటే చెప్పండి.

నరసన్నపేట షెడ్డు:
ముందు ఆ పైపు తీసెయ్. ఏ బండి? ఇంజన్ వేడిగా ఉందా, చల్లారిందా?

బొబ్బిలి మాస్టారు:
బాబూ, డబ్ల్యూడీ-40 గురించి ఒక మాట. అది 1953లో అమెరికాలో పుట్టింది. నీటిని తరిమే మందు కోసం చేసిన 40వ ప్రయత్నం అని దాని పేరుకి అర్థం. రాకెట్ల రేకు తుప్పు పట్టకుండా మొదట వాడారు. తడి పోగొట్టడానికి మంచిదే. పట్టేసిన మరల్లోకి దిగడానికి మాత్రం పెనెట్రేటింగ్ ఆయిల్ అని విడిగా దొరుకుతుంది, అది తెచ్చుకోండి. తుప్పుని తక్కువగా చూడకూడదు.

పార్వతీపురం:
మాస్టారూ, ఆ ఇంజన్ హెడ్డు, అదే ప్లగ్గులు బిగించే పై భాగం, అల్యూమినియం అయితే అక్కడ తుప్పేటి? చిలుము అనాలి.

బొబ్బిలి మాస్టారు:
చిలుము రాగికీ ఇత్తడికీ పట్టేది. తుప్పు ఇనుముకి. అల్యూమినియానికి పట్టేది తెల్లటి పొడి, దానికి మన వాడుకలో సరైన మాట లేదు.

పార్వతీపురం:
మా ఇంట్లో దేనికి పట్టినా చిలుమనే అంటాం.

టెక్కలి డ్రైవర్:
పేరు ఏదైతేనేం, ముందు అతని ప్లగ్గు సంగతి చూడండి. తమ్ముడూ, ఇంజన్ బాగా వేడి చేసి విప్పు. ఒకే వేడికి అల్యూమినియం ఇనుము కన్నా దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. రంధ్రం వదులై ప్లగ్గు వచ్చేస్తుంది. లారీల మీద ఇరవై ఏళ్లు ఇలాగే చేశాను.

నరసన్నపేట షెడ్డు:
లారీ డీజిల్. దానికి స్పార్క్ ప్లగ్గు ఉండదు. వేడి మీద అల్యూమినియం మర మెత్తబడి ప్లగ్గుతో పాటు ఊడొస్తుంది. అడిగినదానికి అతను ఇంకా జవాబు చెప్పలేదు.

కళింగపట్నం వాసి:
క్షమించాలి, చెప్పడం మర్చిపోయాను. నాన్నగారి పెట్రోల్ కారు, మూడు సిలిండర్లు. ఆయన పోయాక రెండేళ్లు సముద్రం వైపు పాకలోనే ఉండిపోయింది. నిన్న బ్యాటరీ మార్చి స్టార్ట్ చేస్తే ఒక సిలిండర్ కొట్టడం లేదు. పొద్దున అరగంట ఇంజన్ ఆన్‌లో ఉంచి, ఆపిన వెంటనే విప్పడం మొదలుపెట్టాను. తిప్పినప్పుడు కీచుమని శబ్దం వచ్చింది.

నరసన్నపేట షెడ్డు:
ఈ మాట మొదటే చెప్పాల్సింది. ఉప్పుగాలి, తడి, ఇనుప ప్లగ్గు, అల్యూమినియం హెడ్డు. అవి కలిస్తే పట్టేస్తుంది. ఇవాళ ఇంక పానా తిప్పకు.

ప్లగ్గు కూర్చున్న గుంటలో ఇసుక ఉంటుంది. ముందు సైకిల్ పంపుతో ఊదెయ్, కళ్లు జాగ్రత్త. లేకపోతే ప్లగ్గు పైకి రాగానే అది సిలిండర్లో పడుతుంది. ఇంజన్ పూర్తిగా చల్లారాక ప్లగ్గు మొదట్లో పెనెట్రేటింగ్ ఆయిల్ నాలుగు చుక్కలు వేసి రాత్రంతా వదిలెయ్. పొద్దున ముందుగా బిగించే వైపు ఒక్క పిసరు తిప్పు. తర్వాత విప్పే వైపు పావు చుట్టు. కీచుమంటే ఆగి, వెనక్కి తిప్పి, మళ్లీ నూనె వెయ్. ముందుకీ వెనక్కీ అలాగే చెయ్యి. పానా ఏటవాలుగా పెడితే ప్లగ్గు మీది పింగాణీ పగులుతుంది, నిటారుగా పెట్టు. బలం వాడకు, ఓపికే పని చేస్తుంది.

టెక్కలి డ్రైవర్:
గోరువెచ్చగా ఉంటే తప్పులేదంటాను.

నరసన్నపేట షెడ్డు:
అతను విప్పబోయింది గోరువెచ్చన కాదు, అప్పుడే ఆపిన ఇంజన్.

పార్వతీపురం:
మర పోతే?

నరసన్నపేట షెడ్డు:
లేత్ షాపులో హెలికాయిల్ అని మరలా చుట్టిన తీగ వేయిస్తే కొత్త మర వస్తుంది. హెడ్డు మార్చక్కర్లేదు. కొత్త ప్లగ్గు మొదటి చుట్లు చేత్తోనే తిరగాలి, పానా ఆఖర్న.

(మరుసటి రోజు)

కళింగపట్నం వాసి:
వచ్చేసింది. పావు చుట్టుకోసారి ఆగుతూ గంటన్నర పట్టింది. మరల్లో తెల్లటి పొడి పేరుకుపోయి ఉంది, కింది రెండు చుట్లలో మెరిసే లోహం సన్నటి పొరలా అంటుకుంది. కొత్తది చేత్తో చివరిదాకా దిగింది, మూడు సిలిండర్లూ కొడుతున్నాయి. థాంక్స్ అన్నయ్యా. అమ్మ రెడీ అయింది, బయల్దేరుతున్నాం.

బొబ్బిలి మాస్టారు:
తెల్లటి పొడి అన్నారు చూశారా. చిలుము కాదు.

నరసన్నపేట షెడ్డు:
పాత ప్లగ్గు పారెయ్యకు, ఫోటో పెట్టు. ఆ మెరిసేది హెడ్డు మరే. ఎంత ఊడిందో చూడాలి.