అప్‌డేట్: కారును దూరప్రాంతానికి పంపే సంస్థ ఎంపిక – కారు చేరింది

కారును దూరప్రాంతానికి పంపేందుకు వచ్చిన 4 కొటేషన్లలో దేన్ని నమ్మాలో తేలక నేను అడిగిన ప్రశ్నకు ఇది ముగింపు. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

"కారును మోసుకెళ్లే వాహనం మీదేనా, లేక మీరు మధ్యవర్తులా?" అని ప్రతి సంస్థనూ అడగమన్న సలహాయే అక్కరకు వచ్చింది. అన్నిటికంటే తక్కువ ధర చెప్పిన సంస్థ దీనికి సూటిగా బదులివ్వకపోగా, మొత్తం సొమ్ము ముందే కట్టమని ఒత్తిడి చేయడంతో దానిని వదిలేశాను. సొంత వాహనాలున్న మరో సంస్థ, నా కారు నంబరు వేసిన రవాణా బీమా పత్రాన్ని అడగకముందే పంపింది; దాన్నే ఎంచుకున్నాను.

కారు ఎక్కించే ముందు డ్రైవరుతో కలిసి చుట్టూ తిరిగి, పాత గీతలన్నీ తనిఖీ పత్రంలో రాయించి, ఓడోమీటరుతో సహా ఫొటోలు తీసుకున్నాను. దించాక వెనుక బంపరు ఎడమ మూలన వేలెడంత కొత్త గీత కనిపించింది. సంతకానికి ముందే దానిని పత్రంలో నమోదు చేయించడం వల్ల పరిహారం పేచీ లేకుండా అందింది. తొందరపడి చూడకుండా సంతకం పెట్టేసి ఉంటే నా మాట చెల్లేది కాదు.

మూసిన కంటైనరా, తెరిచిన ట్రెయిలరా అని నేను పడిన మథనం మాత్రం వృథా. మామూలు కారుకు తెరిచినదే సరిపోయింది. కారు చేరడంలో మాత్రం 2 రోజుల ఆలస్యం జరిగింది.