అప్‌డేట్: ఫైల్లో చివరి లైన్లు ఎందుకు పోతున్నాయో తెలిసింది

జావా ప్రోగ్రామ్‌లో బఫర్డ్‌రైటర్‌తో (ఫైల్లోకి టెక్స్ట్ రాయడానికి వాడే క్లాస్) రాస్తే చివరి లైన్లు రావట్లేదని, చిన్న ఫైలైతే పూర్తిగా ఖాళీగా ఉంటోందని అడిగాను కదా, కారణం దొరికింది. రాసింది వెంటనే ఫైల్లోకి వెళ్లదు. డిఫాల్ట్‌గా 8192 అక్షరాల బఫర్ (రాసింది తాత్కాలికంగా దాచే చోటు) నిండేదాకా మెమరీలోనే ఆగుతుంది. నా కోడేమో ఫైల్‌ని మూసే క్లోజ్ దాకా రాకుండానే, ప్రోగ్రామ్‌ని అక్కడికక్కడే ఆపేసే సిస్టమ్ ఎగ్జిట్‌తో ముగిసిపోతోంది. బఫర్లో మిగిలిందంతా దాంతోపాటే పోతోంది.

ముందు ప్రతి లైనుకీ ఫ్లష్ (బఫర్లో ఉన్నదాన్ని వెంటనే ఫైల్లోకి పంపడం) పెట్టి చూశాను. ఫైల్ పూర్తిగా వచ్చింది గానీ బాగా నెమ్మదించింది, ఇక బఫర్ ఉండి ఏం లాభం? ఇప్పుడు ట్రై-విత్-రిసోర్సెస్‌కి (పనయ్యాక ఫైల్‌ని తనే మూసేసే కోడ్ బ్లాక్, జావా 7 నుంచి ఉంది) మార్చాను. మధ్యలో ఎక్సెప్షన్ (ఎర్రర్) వచ్చినా తనే క్లోజ్ చేస్తుంది, ఆ క్లోజ్‌లోనే ఫ్లష్ కూడా అయిపోతుంది. ఎగ్జిట్‌ని మాత్రం ఆ బ్లాక్ బయటికి తేవాల్సిందే, లోపలుంటే మళ్లీ అదే కథ.

"క్లోజ్ చేస్తున్నారా?" అని మొదట అడిగినవారికి చాలా థాంక్స్.