బరంపురంలో సోషల్ మీడియా మార్కెటింగ్: నెలకి ఎంత అడగాలి?

అందరికీ నమస్తే. మాది ఒడిశాలోని బరంపురం. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. డిగ్రీ అయ్యాక చిన్న షాపులకి ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ పేజీలు నడిపే పని మొదలుపెట్టాను. ప్రస్తుతానికి ఒక పట్టుచీరల కొట్టు, అప్పడాలు, పచ్చళ్లు అమ్మేవాళ్లు ఒకరు ఉన్నారు.

అసలు చిక్కు రేటు దగ్గరే. చీరల కొట్టాయన "నాలుగు ఫొటోలకి డబ్బులేంటి బాబూ, మా మేనల్లుడు ఊరికే పెడతాడు" అంటారు. కుంభం అంచు చీరని ట్యూబ్‌లైట్ కింద తీస్తే మెరూన్ కాస్తా ఎరుపైపోతుంది, కొన్నవాళ్లు రంగు వేరని వెనక్కి పంపేస్తారు. గుమ్మం దగ్గర పొద్దుటి వెలుతురులో పరిచి తీయాలి. ఆ పనికి విలువ ఎలా కట్టాలి? నెల ప్యాకేజీ నయమా, పోస్టుకింత అనడమా?

యాడ్ ఖర్చు ఎవరి కార్డు మీద పెట్టిస్తున్నారు? దాని మీద 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది కదా, నా జేబులోంచి పెట్టి తర్వాత అడగాలంటే టెన్షన్.

ఇంకోటి, ఆంధ్రాలోని ఇచ్ఛాపురం, సోంపేట వైపు కొనేవాళ్లకి తెలుగు కావాలి, ఇక్కడివాళ్లకి ఒడియా. ఒకే పేజీలో రెండూ పెడితే గందరగోళమా? యాడ్లు మాత్రం భాషవారీగా, ఊరువారీగా విడదీస్తే చాలా?

ఏడాదికి 20 లక్షల లోపు సేవలకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదని తెలుసు, చిన్న వ్యాపారాల కోసం కేంద్రం పెట్టిన ఉద్యమ్ పోర్టల్‌లో ఉచితంగా నమోదయ్యాను, కాబట్టి వాటి గురించి వద్దు. రాయగడ, పర్లాకిమిడి వైపు ఈ పని చేస్తున్న అన్నలూ అక్కలూ, మొదటి నెల అడ్వాన్స్ తీసుకుంటున్నారా?